మాత్ర మింగినట్టు ఫోనుకు ఎలా తెలుస్తుంది?

క్షయ రోగి ఆరు నెలలపాటు ఒక్క రోజు కూడా తప్పకుండా మాత్రలు వేసుకోవాలని చెప్పడం తేలికే. రెండు నెలలు గడిచేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు తేరుకుంటుంది. కొందరికి వికారం మాత్రం వదలదు. కులాసాగా తిరుగుతున్న మనిషి కడుపులో తిప్పే మందును ఇంకో నాలుగు నెలలు ఎందుకు మింగాలో ఎవరూ ఓపికగా చెప్పకపోతే మానేయడంలో ఆశ్చర్యం లేదు. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది కనుక, ఈ జబ్బులో రోగిని కనిపెట్టి ఉండటం కూడా వైద్యంలో భాగమైంది.

పూర్వం డాట్స్ పద్ధతిలో వారానికి మూడు రోజులు ఆరోగ్య కార్యకర్త ఎదుటే మాత్రలు మింగేవారు. 2017లో దేశమంతా రోజువారీ మోతాదుకు మారాక, ప్రతి రోగినీ ప్రతి రోజూ ఎదుట కూర్చోబెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ లోటు పూడ్చడానికి వచ్చినవాటిలో మన దేశంలోనే రూపొందిన 99డాట్స్ ఒకటి. మాత్రల అట్టకు ఒక కాగితపు కవరు తొడుగుతారు. మాత్రను నొక్కి బయటికి తీస్తే కవరు చిరిగి, లోపల దాగిన ఫోను నంబరు కనబడుతుంది. దానికి ఖర్చు లేకుండా ఒక కాల్ చేస్తే ఆ రోజు మందు తీసుకున్నట్టు నమోదవుతుంది. ఏ రోజు ఏ నంబరు బయటపడుతుందో ముందుగా తెలియదు కనుక, మాత్ర తీయకుండా కాల్ చేయడం కష్టం. ఇంత చవకలో ఇంత తెలివైన ఉపాయం అరుదని నా అభిప్రాయం.

అయితే ఆ నంబరు చెప్పేది మాత్ర అట్టలోంచి బయటికి వచ్చిందని మాత్రమే. గొంతు దిగిందని కాదు. అంతకన్నా పెద్ద చిక్కు దీనికి తలకిందులుగా ఉంటుంది. చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్లో చాలాకాలం పనిచేసిన మా మేనమామకు క్షయ వచ్చింది (రాతి ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీసి ఈ జబ్బుకు దారి ఇస్తుందన్నది వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్న మాటే). ఆయన మాత్రలు మానలేదు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకుతో పాటు ఒంగోలు కాలేజీకి వెళ్లేది. "ఏం పెదనాన్నా, నిన్న మాత్రలు వేసుకోలేదంట?" అని ఆశా కార్యకర్త అడిగితే, "వేసుకున్నానమ్మా, ఫోను పిల్లోడి దగ్గర ఉండిపోయింది" అనడం ఆ ఇంట మామూలైంది. చెన్నై, వెల్లూరు, ముంబై రోగులకు మూత్ర పరీక్ష చేసి ఈ పద్ధతి లెక్కలతో పోల్చిన పరిశోధకులు కూడా, మందు ఒంట్లో ఉన్నా కాల్ చేయనివారు చాలామంది ఉన్నారని గమనించారు.

ఫోను అందుబాటులో లేని ఇళ్లకు మాత్రల పెట్టె నయం. మూత తెరిచిన వేళను అదే గుర్తుంచుకుంటుంది, వేళ దాటితే మోగుతుంది. 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మరో మెట్టు పైకెక్కి, స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులకు వాడే అబిలిఫై మైసైట్ మాత్రకు అనుమతి ఇచ్చింది. అందులోని ఇసుక రేణువంత పరికరం కడుపులోని రసం తగలగానే సంకేతం పంపితే, ఒంటికి అతికించిన పట్టీ దాన్ని అందుకుంటుంది. తనను ఎవరో గమనిస్తున్నారని భయపడే జబ్బుకే నిఘా మాత్రను ఎంచుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. దానివల్ల రోగులు మందు మరింత క్రమంగా వేసుకుంటారని రుజువు కాలేదని అనుమతి ఇచ్చినప్పుడే ఆ సంస్థ చెప్పింది. ఆ పరికరాన్ని తయారుచేసిన ప్రోటియస్ కంపెనీ 2020లో దివాలా తీసింది.

ఈ పరికరాలు వద్దని నేను అనను. వంద ఇళ్లున్న వీధిలో ఈ రోజు ఏ గడప తొక్కాలో ఆశా కార్యకర్తకు చెప్పగలిగితే వాటి ఖర్చుకు ఫలితం దక్కినట్టే. కాకపోతే మా మేనమామ విషయంలో నేను చూసిన పట్టికలో తీసుకున్నారు, తీసుకోలేదు అనే రెండు గుర్తులే ఉన్నాయి. పక్కనే కారణం రాయడానికి ఒక గడి ఉంటే, వికారమని రాసిన రోగిని డాక్టరుకు చూపించవచ్చు, ఫోను లేదని రాసిన ఇంటికి పెట్టె ఇవ్వవచ్చు, పనికోసం వలస వెళ్లారని రాస్తే ఆ ఊరి ఆసుపత్రికి కబురు పంపి మాత్రలు అక్కడే అందేలా చూడవచ్చు.