పుష్పవిలాపంలో ఆ ‘నేను’ ఎవరు?
మా మేనకోడలికి తెలుగు హోంవర్క్, కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాల్లో ‘నేను’ అంటూ చెప్పే మనిషి స్వభావం రాయమని. చిన్నప్పట్నుంచి ఘంటసాల గొంతులో విని విని ఫిక్సయిపోయా కదా, దయగలవాడు అని రాసెయ్ అన్నా. అదేమో ‘ఏం దయ మావయ్యా, పూజకని పూలు కోయడానికే వెళ్ళాడు, గోరు ఆనించేదాకా ఏ జాలీ లేదుగా’ అంది. నోరు మూతపడింది నాకు 😅 మళ్ళీ విన్నాం. పూలు అన్నేసి మాటలంటుంటే ఒక్కటీ ఎదురు చెప్పడు, పైగా ఆ తిట్లన్నీ తనే పోయి దేవుడికి అప్పజెప్పి, ఒట్టి చేతులతో వచ్చానని ఒప్పేసుకుంటాడు. చివరికి అది ‘తన తప్పు తనే చెప్పుకునే రకం’ అని రాసింది. మార్కులెన్నొస్తాయో మరి, నేనైతే ఫుల్ ఇచ్చేశా.