ఒక్క ముక్క తీసి చూద్దాం అనిపించినప్పుడు

రమ్మీలో మంచి ముక్కలు పడితే ఆలోచించక్కర్లేదు, మరీ చెత్త పడినా అంతే, డ్రాప్ అని పడేస్తాం. తల పట్టుకునేది అటూ ఇటూ కాని ఆటతోనే.

మొన్న సంక్రాంతికి ఇంట్లో 101 ఆడుతున్నాం, అంటే ఓడిన పాయింట్లు కలిపి 101కి చేరినవాళ్లు అవుట్. డబ్బుల్లేవు, నోట్‌బుక్‌లో పాయింట్లే. అప్పటికి నాది 60. పడినవి చూడండి: ఇస్పేటు 5, 6, ఆఠీను 8, 9, ఒక జోకరు, రెండు రాజులు, ఇక రాణి, జాకీ, పది, ఏడు, నాలుగు, రెండు, ఇవి దేనికదే. జోకరు కనబడగానే ఆశ పుట్టింది. కానీ జోకరుతో ప్యూర్ సీక్వెన్స్ (ఒకే గుర్తులో వరసగా కనీసం మూడు ముక్కలు) అవ్వదు, ప్యూర్ లేకపోతే చేతిలో ఉన్నదంతా కౌంటే, అంటే పాయింట్లుగా మన మీద పడేదే. నావి కలిపితే 91, ఎంతున్నా 80కి మించి రాయరు కాబట్టి ఫుల్ కౌంట్ 80 రాస్తారు.

ప్యూర్ అవ్వాలంటే ఇస్పేటు 4 గానీ 7 గానీ, లేదా ఆఠీను 7 గానీ 10 గానీ రావాలి. రెండు పేకలు కాబట్టి ఒక్కోటి రెండేసి, మొత్తం ఎనిమిది. నాకు కనిపించని తొంభై పైచిలుకు ముక్కల్లో ఎనిమిదే, అందులోనూ కొన్ని పక్కవాళ్ల చేతుల్లో ఇరుక్కుని ఉంటాయి, వాళ్లకి పనికొస్తే అసలు వదలరు.

డ్రాప్ చేస్తే 20, అంటే 80కి వెళ్తాను, ఇంకోసారి డ్రాప్ చేసినా 100, ఆటలోనే ఉంటాను. "ప్యూర్ లేకుండా ఎటు పోతావురా, పడెయ్" అని బాబాయ్ అంటూనే ఉన్నాడు. ఒక్క ముక్క చూద్దామని తీశాను. ఆ చూడ్డానికే 20 పాయింట్లు, ఎందుకంటే ముక్క తీశాక డ్రాప్ 40. వచ్చింది డైమండ్ రాణి. 40 ఇవ్వబుద్ధి కాక అలాగే లాగాను, నాలుగో చుట్టులో బావ ఆట పూర్తి చేసి షో చేశాడు, నాకు 66, అవుట్. చాలా బాధేసింది, పోయింది ముక్కల వల్ల కాదు కదా.

ఇప్పుడు పేక మీద చెయ్యి వేయకముందే తేల్చుకుంటున్నాను. ప్యూర్ ఉంటే ఆట. లేకపోతే కనీసం రెండు జోకర్లు, రెండు చోట్ల ప్యూర్‌కి దారి ఉండాలి. నా ముందు ఇద్దరు ముగ్గురు డ్రాప్ చేస్తే కొంచెం సడలిస్తాను. స్కోరు 81కి చేరితే మాత్రం డ్రాప్ అన్నా అవుటే, ఏం పడినా ఆడాల్సిందే. ఓపెన్ కార్డు (పేక పక్కన తెరిచి పెట్టే ముక్క) కూడా చూసుకోండి, ఆ రోజు అక్కడ ఆఠీను 7 ఉండి ఉంటే అవే ముక్కలతో నేను ధైర్యంగా ఆడేవాణ్ణి.