పిన్ని వేలిముద్ర

ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను ఇచ్చే అమ్మాయి పలాసలో మా పిన్ని ఇంటికొచ్చింది. ఏళ్ల తరబడి జీడిపిక్కల పనిచేసి, ఆ జీడి నూనెకి పిన్ని వేళ్లు నల్లబడి గీతలన్నీ అరిగిపోయాయి. మిషన్ మీద బొటనవేలు పడదు, చూపుడు వేలు పడదు, కొంగుకి తుడుచుకుని పెట్టగా పెట్టగా ఆరోసారికి పడింది. నాలుగు వేల రూపాయలు. అందులో పాలవాడి బాకీ అక్కడికక్కడే పక్కన పెట్టేసింది.

నేనేమో రాత్రే గై స్టాండింగ్ అనే ఆర్థికవేత్త పరిశోధన చదివి ఉన్నా. మధ్యప్రదేశ్‌లో 2011లో మొదలైంది, 'సేవా' మహిళా సంఘంతో కలిసి కొన్ని పల్లెల్లో ఏ షరతూ లేకుండా, ఉన్నవాడు లేనివాడు అని చూడకుండా పెద్దవాళ్లకి నెలకి 200, పిల్లలకి 100 ఇచ్చారు (తర్వాత 300, 150). తాగి తగలేస్తారని భయపడ్డవాళ్లే ఎక్కువ. తీరా చూస్తే తిండి మెరుగైంది, పిల్లలు బడికెళ్లడం పెరిగింది. ఇది దయ కాదు, హక్కు అంటాడాయన. నాకు బాగా నచ్చిన మాట.

పిన్నికి చెప్తే, "షావుకారికి కూడా ఇస్తారా? ఎందుకురా?" అంది.

"అందరికీ ఇస్తే, బాబాయి పోయాడని కాగితాలు పట్టుకుని తిరగక్కర్లేదు కదా పిన్నీ."

కాసేపాగి "మరి ఆ షావుకారికీ వేలు పడకపోతే?" అని నవ్వి, పనికి టైమైపోతోందని క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది.