42 రోజులు, 5 కిలోలు

మొన్న ఓటీఏ (ఆర్మీ ఆఫీసర్లకి శిక్షణ ఇచ్చే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) మెరిట్ లిస్టులో నా పేరు చూసుకున్నాను. ఇప్పుడు చెన్నై పరంగిమలైలో ఉన్న ఆ అకాడమీలో చేరమని పిలుపు రావాలి. రాత పరీక్షకి ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు. ఓటీఏకి లెక్కల పేపరు లేదు, ఇంగ్లిష్, జీకే రెండే. పాత పేపర్లు చేశాను, అంతే. నన్ను ఏడిపించింది మెడికల్.

రాత పరీక్ష తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే ఐదు రోజుల ఆఫీసర్ సెలక్షన్ ఇంటర్వ్యూ. బెంగళూరు ఎస్‌ఎస్‌బీలో ఐదో రోజు చివరి కాన్ఫరెన్స్ అయ్యాక నా చెస్ట్ నంబరు పిలిచారు, అంటే సెలెక్ట్ అయ్యానన్నమాట. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న వీధంతా స్వీట్లు పంచేశారు. మెడికల్ ఉంది, ఆగండంటే వింటారా! వారం తిరక్కుండానే నా చేతిలో కాగితం: 'టెంపరరీ అన్‌ఫిట్', ఓవర్ వెయిట్. నా ఎత్తుకీ వయసుకీ ఉండాల్సినదానికన్నా 5 కిలోలు ఎక్కువ. అప్పీల్ బోర్డుకి గడువు 42 రోజులు.

నేను బద్ధకస్తుణ్ని కాదు, ముందే చెప్తున్నా. మారతహళ్లి పీజీ, నైట్ షిఫ్టు, పక్కనే ఆంధ్రా మెస్సు. కందిపొడిలో నెయ్యి వేసి "ఇంకాస్త పెట్టనా బాబూ" అంటే ఎవరు మాత్రం వద్దంటారు?

మొదటివారం అన్నం పూర్తిగా మానేశాను. కీరదోస, మజ్జిగ. 3 కిలోలు తగ్గాయని ఎగిరాను. ఎనిమిదో రోజు కుందలహళ్లి చెరువు దగ్గర పరిగెడుతూ కళ్లు తిరిగి కూలబడ్డాను. తిండి మొదలెట్టగానే 2 కిలోలు తిరిగొచ్చాయి. పోయింది నీరే, కొవ్వు కాదు. అప్పట్నుంచి పూటకి ఒక కప్పు అన్నం, పప్పు, రెండు గుడ్లు, చక్కెర లేని టీ. మెస్సు పెద్దాయన "ఒంట్లో బాలేదా బాబూ" అని రోజూ అడిగేవాడు. షిఫ్టు దిగి అయిదు కిలోమీటర్లు పరిగెత్తి అప్పుడు నిద్ర. మూడోవారం కాటా ముల్లు కదల్లేదు. ఆ టెన్షన్‌లో ఒకరోజు రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నాను, దాచడమెందుకు.

40వ రోజు బోర్డు ముందు కాటా ఎక్కాను. పరిమితికి 400 గ్రాములు తక్కువ. ఫిట్.

ఎస్‌ఎస్‌బీలో వర్డ్ అసోసియేషన్ (పదం చూపిస్తే వెంటనే వాక్యం రాసే పరీక్ష) కోసం అరవై వాక్యాలు బట్టీ పట్టేవాళ్లు కాటా మాత్రం ఎక్కరు. అప్లికేషన్ పెట్టిన రోజే ఎక్కండి. నెలకి రెండు కిలోలు తగ్గడం పెద్ద కష్టం కాదు, 42 రోజుల్లో ఐదు తగ్గాలంటేనే నరకం.

ఈమధ్య ఆర్మీ ఆఫీసర్ ఎంట్రీ నోటిఫికేషన్లలో 2.4 కిలోమీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో, పుల్-అప్స్ 6 అని ఉంటోంది. నా పరుగు ఇంకా 11:40 దగ్గరే ఉంది. పుల్-అప్స్ అయితే నాలుగోదానికే చేతులు వణుకుతున్నాయి.