కాల్ ఎక్కడ ఆగుతోందో ముందు చూడాలి

ఫోన్‌లో వీడియోలు చక్కగా నడుస్తూ కాల్స్ మాత్రం కలవకపోతే చాలామంది ముందు సిమ్‌ను అనుమానిస్తారు, తరువాత ఫోన్‌నే మార్చేస్తారు. అంత ఖర్చుకు సిద్ధపడేముందు, కాల్ అసలు ఫోన్ దాకా రావడం లేదా, వచ్చినా మోగడం లేదా, కలిసినా మాట వినిపించడం లేదా అన్నది తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కాల్ వెళ్లకపోవడానికీ రాకపోవడానికీ తరచుగా కనిపించే కారణం వోల్టే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండటం. 2జీ, 3జీ నెట్‌వర్క్‌లలో మాటకు ప్రత్యేకమైన దారి ఉండేది. 4జీలో మాట కూడా డేటాగానే ప్రయాణించాలి, ఆ ఏర్పాటు పేరే వోల్టే. 2016 సెప్టెంబరులో సేవలు ప్రారంభించిన జియోకు 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు లేనే లేవు కనుక, ఆ సిమ్ ఉన్న ఫోన్‌లో వోల్టే ఆగితే నెట్ వస్తూనే ఉంటుంది గాని మామూలు కాల్ వెళ్లదు. 2జీ కూడా నడుపుతున్న ఎయిర్‌టెల్ వంటి సంస్థల సిమ్ అయితే ఫోన్ కాల్ కోసం 2జీకి దిగుతుంది. రింగ్ ఆలస్యంగా వినిపించడం, మాట్లాడుతున్నంతసేపూ నెట్ ఆగిపోవడం అందువల్లనే. మా పెద్దనాన్నగారి ఫోన్‌లో జరిగిందీ ఇదే: మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆ ఒక్క బటన్ ఆన్ చేయగానే కాల్స్ వచ్చాయి. స్లాబు ఇళ్లలో, లోపలి గదుల్లో సిగ్నల్ అందనివారు అదే సెట్టింగ్స్‌లో ఉండే వైఫై కాలింగ్‌ను, అంటే ఇంటి వైఫై మీదుగా కాల్స్ నడిపే ఏర్పాటును, కూడా ఆన్ చేసుకోవాలి.

ఫోన్ మోగకుండానే కాల్స్ మరెవరికో వెళుతుంటే కాల్ ఫార్వర్డింగ్ చూడాలి. కొరియర్ వాళ్లమనో, కస్టమర్ కేర్ అనో చెప్పి *401* తో మొదలయ్యే నంబరు డయల్ చేయించే మోసగాళ్లు ఎందరో పెద్దవాళ్ల కాల్స్‌ను, వాటితో పాటు కాల్‌లో చెప్పే ఓటీపీలను తమ వైపు మళ్లించుకున్నారు. ఆ కోడ్‌తో ఫార్వర్డ్ చేసే సదుపాయాన్ని 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. అయినా ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో కాల్ సెట్టింగ్స్ తెరిచి ఒకసారి చూడటం మన బాధ్యత.

ఇక మాట సరిగా వినిపించకపోవడం. అవతలివారి గొంతు సన్నగా వస్తుంటే స్పీకర్ ఆన్ చేసి చూడండి. అందులో స్పష్టంగా ఉంటే లోపం చెవి దగ్గరి రిసీవర్‌దే. స్క్రీన్ పై అంచున ఉండే ఆ సన్నని జాలీలో చెమట, పౌడరు, జేబులోని నూగు కలిసి గట్టిపడి బూడిదరంగు పొరలా పేరుకుంటాయి. ఫోన్‌ను బోర్లా పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తుడిస్తే ఆ మురికి కిందికి రాలుతుంది. పిన్ను, సూది మాత్రం వాడవద్దు. కింది అంచున ఛార్జింగ్ రంధ్రం పక్కనున్న మైక్ చిల్లులోకి పిన్ను దిగితే లోపలి పొర చిరిగిపోయే ప్రమాదం ఉంది. మన గొంతే అవతలికి వెళ్లకపోతే వాయిస్ రికార్డర్‌లో మాట్లాడి వినాలి, ఆపైన పౌచ్ తీసి మళ్లీ వినాలి. చాలా ఫోన్లలో చుట్టుపక్కల రొదను తగ్గించడానికి పై అంచున రెండో మైక్ ఉంటుంది, కొలతకు సరిపోని పౌచ్ దాన్ని మూసేస్తుంది. కాల్‌లో స్క్రీన్ నల్లబడి తిరిగి వెలగకపోతే, ఫోన్ చెవి దగ్గర ఉందో లేదో పసిగట్టే సెన్సర్ మీదికి వచ్చిన టెంపర్డ్ గ్లాస్‌ను మార్పించడమే చాలాసార్లు సరిపోతుంది.

ఇవేవీ ఫలించనప్పుడే నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయండి. ఫొటోలు, నంబర్లు పోవు గాని వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు చెరిగిపోతాయి కనుక పాస్‌వర్డ్‌లను ముందే రాసిపెట్టుకోండి.