ఆరీ ఆరని బల్బు

మెట్ల దగ్గరి బల్బు స్విచ్చి తీస్తే ఆరుతుంది, కానీ పూర్తిగా ఆరదు. ఇంట్లో దీపాలన్నీ తీసేశాక తలెత్తి చూస్తే లోపల వెలిసిపోయిన వెలుగు సన్నగా మిగిలే ఉంటుంది. చదువుకోవడానికి చాలదు, నిద్ర చెడగొట్టడానికి సరిపోతుంది. వైరింగ్ మార్చి, గోడలు పూడ్చి, రంగులు ఆరిన తర్వాత బయటపడింది. అంతకు ముందే బయటపడితే దాని గౌరవానికి భంగం కాబోలు.

నన్ను తొలుస్తున్నది వెలుగు కాదు, ఎలక్ట్రీషియన్ మాట. ఇవాళ వచ్చాడు, కింద నిలబడే పైకి చూశాడు. "ఎల్ఈడీ బల్బులన్నీ అంతేనమ్మా" అన్నాడు. అన్నీ అంతే అయితే వంటింట్లోది, హాల్లోది ఎందుకు శుభ్రంగా ఆరుతున్నాయని అడిగాను. అప్పుడు నిచ్చెన ఎక్కి టెస్టరు ఆనించాడు. స్విచ్చి తీసే ఉంది, అయినా టెస్టరు వెలిగింది. "రిటర్న్ వస్తోంది, ఏం కాదు" అని సంచిలోంచి వేరే కంపెనీ బల్బు తీసి పెట్టాడు. వెలుగు మాయం. "చూశారా!" అన్నాడు. చూశాను. వెలుగు పోయింది సరే, దాన్ని వెలిగించిన కరెంటు ఎక్కడికి పోయినట్టు? ఆ ప్రశ్నకు జవాబుగా సంచి సర్దుకున్నాడు. అతను వెళ్ళగానే ఈయనతో మెయిన్ ఆపించి పాత బల్బే మళ్ళీ పెట్టించాను. కనీసం అది దాచిపెట్టడం లేదు.

అన్నట్టు, ఈ బల్బుకు మెట్ల కింద ఒకటి, పైన ఒకటి, రెండు టూవే స్విచ్చిలు. ఎక్కడ నుంచైనా వేయాలి, తీయాలి. కానీ ఇన్నాళ్ళూ పై స్విచ్చి పనిచేయాలంటే కింది స్విచ్చి అనుమతి కావాల్సి వచ్చేది. ఆ గోల తీరింది. టూవే స్విచ్చిలో కామన్ టెర్మినల్‌కు రావాల్సిన వైరును పక్కదానికి బిగించాడట. మార్చాడు. ఇప్పుడు పైన వేసి కింద తీయవచ్చు, బుజ్జిగాడు రోజంతా అదే పనిలో ఉన్నాడు.

అత్తయ్య మాత్రం ఆ మసక వెలుగును వదిలేయమంటున్నారు. రాత్రి లేచినప్పుడు మెట్టు కనబడుతోందట. ఆ మాట నాకూ బాగానే ఉంది. నిజానికి వదిలేద్దామని రాయడానికే కూర్చున్నాను.

కూర్చోగానే నాన్న టెస్ట్ ల్యాంపు గుర్తుకొచ్చింది. పాత హోల్డరు, అందులో ఫిలమెంటు బల్బు, హోల్డరు నుంచి వేలాడే రెండు వైర్లు. వైర్ల చివర్లు ఒలిచి రాగి పోగులు గట్టిగా మెలిపెట్టి ఉండేవి. హోల్డరు పగిలితే నల్ల టేపు చుట్టారు. ఆ టేపు అంచులు ఊడి, జిగురుకు దుమ్ము అంటుకుని, పట్టుకుంటే వేళ్ళు నల్లబడేవి. ఆయన స్టూలు మీద, నేను స్విచ్చి దగ్గర. "వెయ్యి." "తియ్యి." "వేశావా?" "వేశాను నాన్నా." "మళ్ళీ వెయ్యి." అన్నం చల్లారిపోతోందని అమ్మ లోపల నుంచి కేకలు. దోషం దొరికే దాకా ఆయన స్టూలు దిగిన పాపాన పోలేదు. జేబులో టెస్టరు ఉండేది, కానీ నమ్మేవారు కాదు. "ఇది ఎవరేం చెప్పినా తలూపుతుంది" అనేవారు. టెస్టరులోని నియాన్ దీపానికి పిసరంత కరెంటు చాలు. ఒకే పైపులో పక్కపక్కనే సాగిన వైర్ల మధ్య ఒకదాన్నుంచి ఇంకోదానికి సోకిన వోల్టేజీకి కూడా అది వెలుగుతుంది. ఫిలమెంటు బల్బుకు అది చాలదు, అసలైన కరెంటు అందితేనే వెలుగుతుంది.

ఆ టెస్ట్ ల్యాంపు ఇప్పుడుంటే ఎంత బాగుండేదో అని రాయబోయి ఆగాను. బాగుండేది కాదు. ఒలిచిన వైర్లు చేత్తో పట్టుకుని అన్నేళ్ళు ఆయనకు ఏమీ కాకపోవడం అదృష్టమే. పైగా కొత్త బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది, అంటే వెళ్ళే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ తేడా వస్తే తనంతట తానే పడిపోయే రక్షణ స్విచ్చి. 40 వాట్ల బల్బును ఫేజుకూ (కరెంటు తెచ్చే వైరుకూ) ఎర్తుకూ మధ్య పెడితే 230 వోల్టుల దగ్గర సుమారు 170 మిల్లీఆంపియర్లు ఎర్తులోకి పోతుంది. 30 మిల్లీఆంపియర్ల తేడాకే పడిపోయే స్విచ్చి అది. బల్బు వెలిగేలోపే ఇల్లంతా చీకటి.

కానీ నాన్న అనుమానం మాత్రం సరైనదే, అక్కడే నా మనసు మారింది. మసక వెలుగుకు రెండు కారణాలు ఉండవచ్చు. టూవే వైర్లు పొడవుగా కలిసి సాగడం వల్ల సోకిన కరెంటైతే పెద్ద ప్రమాదం లేదు. అలా కాక స్విచ్చిని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరులో పెట్టి ఉంటే? అప్పుడు స్విచ్చి తీసినా హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. దీపం ఆరింది కదా అని రేపు బుజ్జిగాడో ఈయనో బల్బు మార్చబోతే షాకు కొట్టవచ్చు. టెస్టరు రెండు సందర్భాల్లోనూ వెలుగుతుంది, బల్బు మార్చడం రెండింటినీ కప్పేస్తుంది. అతను పరీక్షించిందేమీ లేదు. పైగా స్విచ్చి పెట్టెలో వైర్లన్నీ ఒకే రంగు! చేతికి దొరికిన చుట్టలోంచి కోసుకుంటూ పోయినట్టున్నాడు. ఏది ఫేజో, ఏది న్యూట్రలో చూసి చెప్పే దారి లేదు.

తేల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. మెయిన్ ఆపి, బల్బు తీసి, మల్టీమీటరును కంటిన్యూయిటీకి తిప్పాలి, రెండు కొనల మధ్య వైరు దారి తెగకుండా ఉంటే అది కూస్తుంది. ఒక కొనకు పొడవాటి వైరు కలిపి బోర్డులో న్యూట్రల్ వైర్లన్నీ కలిసే న్యూట్రల్ బార్‌కు, ఇంకో కొన హోల్డరులోని రెండు టెర్మినళ్ళకూ ఒక్కొక్కటిగా ఆనించి, స్విచ్చి వేసి తీసి చూడాలి. స్విచ్చి ఎలా ఉన్నా ఒక టెర్మినల్ దగ్గర మీటరు కూస్తూనే ఉంటే న్యూట్రల్ సవ్యంగా ఉన్నట్టు. స్విచ్చితో పాటు కూత ఆగుతుంటే నా అనుమానం నిజం.

ఈయన అప్పుడే మీటరు కొనే హుషారులో ఉన్నారు. వద్దన్నాను. వైరింగ్ చేసినవాడే వచ్చి, పెట్టె విప్పి, నా ముందు కూయించి చూపించాలి. అత్తయ్యకు మెట్ల దగ్గర వెలుగు కావాలంటే విడిగా చిన్న బెడ్‌లైటు పెట్టిస్తాను. అతనికి ఇవ్వాల్సిన చివరి విడత డబ్బు ఇంకా నా దగ్గరే ఉంది.