ముందు చెప్పులు, తర్వాతే చీరలు: ఓడలో ఫార్మల్ సాయంత్రాలకు పెట్టె సర్దిన నా అనుభవం

ఏడు రాత్రుల క్రూజ్‌లో సాధారణంగా రెండు సాయంత్రాలు ఫార్మల్ ఉంటాయి, అంటే ఆ రాత్రి భోజనానికి బాగా ముస్తాబై వెళ్లాలి. ఆ రెండు పూటలకే పెట్టె సగం నిండిపోతుంది. చెన్నైలో విమానమెక్కి సింగపూర్ వెళ్లి, అక్కడ ఓడ పట్టుకోవాలంటే, చీరలు పెట్టుకునే చేతిసంచికి చాలా విమానాల్లో 7 కిలోలే. ఇంట్లో వంటింటి త్రాసు మీద ఒక్కొక్కటీ తూచాను. జరీ నిండిన కంచిపట్టు 800 గ్రాములు, క్రేప్ సిల్కు 400. అసలు బరువు చీరలది కాదు, వాటి వెనకాలే వచ్చే రెండో జత చెప్పులది, రెండో లంగాది, నగల డబ్బాది.

అందుకే ముందు చెప్పులు తేల్చుకోవాలి. మెరుపు తక్కువ బంగారు రంగువి, రెండంగుళాల వెడల్పు మడమ ఉన్నవి ఒక్క జత చాలు. సన్న మడమలు వద్దు, ఓడ ఊగినప్పుడు కాలు మడత పడుతుంది, డెక్ చెక్కల సందుల్లో ఇరుక్కుంటుంది. ఆ తర్వాత ఒక ముదురు మెరూన్ లంగా, దానికి నప్పే రెండు చీరలు: ఒకటి మెరూన్ క్రేప్, రెండోది మెరూన్ అంచున్న నల్లపట్టు. రెండింటికీ ఒకటే బ్రొకేడ్ జాకెట్టు. రెండు పూటలా అదే తొడగాలి కాబట్టి చంకల్లో స్వెట్ ప్యాడ్లు అతికించుకోవాలి. చెమట మరక పడిందంటే రెండో రోజుకి పనికిరాదు.

ఇప్పుడు చెన్నైలో ప్రీ-ప్లీటింగ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కుచ్చిళ్లు, పైట మడతలు ఇస్త్రీ చేసి, పిన్నులు పెట్టి, చీరని పలకలా మడిచి ఇస్తారు. కేబిన్‌లోని ఇరుకు అద్దం ముందు ఐదు నిమిషాల్లో కట్టేసుకోవచ్చు. కానీ కొలత ఇచ్చేటప్పుడు ఆ చెప్పులే వేసుకోవాలి, ఆ లంగాయే కట్టుకోవాలి. చెప్పులు లేకుండా ఇస్తే ఓడలో అంచు చీలమండ పైకి లేచిపోతుంది, కుచ్చిళ్లకి అప్పటికే ఇస్త్రీ పడిపోయి ఉంటుంది కనుక సర్దడం కుదరదు. పిన్నులు తుప్పు పట్టనివో కాదో చూసుకోండి, సముద్రపు తేమకి పట్టు మీద మరక దిగితే పోదు. మడతల మధ్య మెత్తటి పాత పంచె గుడ్డ వేసి, సంచిలో అన్నిటికంటే పైన పెట్టాలి. పైన బరువు పడితే జరీ మడత దగ్గర విరుగుతుంది.

మా ఆయనకి బంద్‌గలా కోటు ఒక్కటే, రెండు సాయంత్రాలకీ అదే. చాలా ఓడల్లో సంప్రదాయ దుస్తులు ఫార్మల్ కిందే చెల్లుతాయి, అయినా టికెట్‌తో వచ్చే డ్రెస్ కోడ్ ఒకసారి చదవాలి. గొంతుదాకా గుండీలు ఉంటాయి కాబట్టి టై అక్కర్లేదు, లోపల పలచటి చొక్కా చాలు. పట్టుపంచె తేలికే, నాకూ ఇష్టమే. కాకపోతే దాని కోసం ఇంకో జత చెప్పులు మోయాలి, పైగా రాత్రి భోజనశాలలో మగవాళ్ల చెప్పులు చాలాచోట్ల ఒప్పుకోరు. కోటుని పెట్టెలో కుక్కకుండా విమానంలో తొడుక్కుని వెళ్లడమే మేలు.

ఇస్త్రీపెట్టె, స్టీమర్ తీసుకెళ్లొద్దు. నిప్పు భయంతో ఓడ ఎక్కేటప్పుడే తీసి పెట్టేసుకుంటారు. వేడినీళ్ల స్నానం చేసేటప్పుడు కోటు బాత్రూంలో వేలాడదీస్తే ముడతలు చాలావరకు పోతాయి. పట్టుచీరలు మాత్రం, క్రేప్ సిల్కుతో సహా, అక్కడ పెట్టకండి, నీటి చుక్క పడిన చోట మచ్చ ఉండిపోతుంది. సెంటు కూడా చీర కట్టకముందే ఒంటికి రాసుకోవాలి, జరీ మీద పడితే నల్లబడుతుంది.

పెద్ద పెట్టె కేబిన్‌కి చేరేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది, కాబట్టి చీరలు, మందులు చేతిసంచిలోనే ఉండాలి. కేబిన్ గోడలు చాలా ఓడల్లో ఉక్కువి. నాలుగు అయస్కాంతపు కొక్కేలు తీసుకెళ్తే విప్పిన చీర రాత్రంతా గాలికి ఆరుతుంది, పొద్దున మామూలుగా మడిచి పెట్టుకోవచ్చు. చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. పొద్దున వేసుకునేవన్నీ, చెప్పులతో సహా, అంతకుముందే తీసి పక్కన పెట్టుకోవాలి.